పాలు మాన్పించిన పద్నాలుగు రోజులు

మిట్టమధ్యాహ్నం. పందుల దొడ్డి సద్దుమణిగి ఉంటుంది. తల్లిపంది పక్కకు ఒరిగి పడుకుంటుంది. ఉన్నట్టుండి దాని గొంతులోంచి సన్నగా, లయగా గురగుర మొదలవుతుంది. ఎక్కడెక్కడో ఒకదానిమీద ఒకటి పడి నిద్రపోతున్న పది, పన్నెండు పిల్లలు దిగ్గున లేచి పరుగెత్తుకొస్తాయి. ఏ పిల్ల చన్ను ఆ పిల్లదే. పుట్టిన కొద్దిరోజుల్లోనే పోట్లాడి తేల్చుకున్న వాటా అది, పాలు మానేదాకా దాదాపు మారదు. పిల్లలు మూతులతో పొదుగును కుమ్ముతాయి. గురగుర జోరందుకుంటుంది. అప్పుడు చేపుకొస్తాయి పాలు. అదీ సుమారు 20 సెకన్ల సేపే. ఆ 20 సెకన్లలో అందినవాటికి అందినంత. తర్వాత మళ్లీ గంటకో, ముప్పావుగంటకో పిలుపు వస్తుంది. పగలనక రాత్రనక రోజుకు ఇరవైసార్లకు పైగా ఇదే వరస.

ఇంత క్రమంగా సాగే ఈ భోజనం ఒకరోజు పొద్దున ఆగిపోతుంది.

అడవిలో తిరిగే పంది తన పిల్లలకు మూడు, నాలుగు నెలలదాకా పాలిస్తూ మెల్లమెల్లగా మాన్పిస్తుంది. షెడ్లలో పెంచే సీమపందికి అంత వ్యవధి ఉండదు. యూరప్ చట్టం ప్రకారం పిల్లను 28 రోజుల లోపు తల్లినుంచి వేరుచేయకూడదు. పిల్లలకోసం శుభ్రంచేసిన ప్రత్యేక గదులుంటే 21 రోజులకు వేరుచేయవచ్చు. అంటే ఏడెనిమిది కిలోల పిల్ల ఒకే పూటలో తల్లిని, తన చన్నును, పుట్టిన చోటును వదిలి వేరే ఈతల పిల్లలతో కలిసి కొత్త గదిలో పడుతుంది. తొట్టిలో పొడి దాణా ఉంటుంది. అది తిండి అన్న సంగతి దానికింకా తెలియదు. కొత్త పిల్లలతో కుమ్ములాటలు, గోడవారన మూలుగులు. పిలుపు కోసం చెవులు రిక్కించడమే తప్ప పిలిచే తల్లి లేదు. కొన్ని పిల్లలు కొన్ని గంటల్లో తొట్టి దగ్గరకు చేరతాయి. కొన్ని రెండురోజులపాటు ముద్ద ముట్టవు.

పేగుకు ఆ రెండురోజులు చాలా ఎక్కువ. చిన్నపేగు లోపలి గోడ టర్కీ తువ్వాలులా ఉంటుంది. తువ్వాలు మీద పోగులు లేచినట్టు దాని మీద సన్నని వేళ్లలాంటి మొలకలు లక్షల్లో ఉంటాయి. పాఠ్యపుస్తకాల్లో వీటినే ఆంత్రచూషకాలు అంటారు. తిన్నదాన్ని రక్తంలోకి చేర్చేవి ఇవే. వీటికి తిండి ఎక్కువగా పేగులోంచి పోయే తిండి ద్వారానే అందుతుంది. పేగు ఖాళీగా ఉంటే ఇవి కుంగిపోతాయి. 21 రోజులకు పాలు మాన్పించిన పిల్లల్లో 24 గంటలు తిరిగేసరికి వీటి ఎత్తు ముప్పావుకు పడిపోయిందని శాస్త్రవేత్త డేవిడ్ హాంప్సన్ 1986లో చూపించాడు. అయిదురోజులు గడిచేసరికి మిగిలేది సుమారు సగమే. అరిగిపోయిన తువ్వాలు నీళ్లు పీల్చనట్టే, ఆ పేగు కూడా తిన్నదాన్ని పీల్చుకోలేదు.

మరో చిక్కు కడుపులో పుడుతుంది. పాలు తాగే పిల్ల కడుపులో పాలచక్కెర పులిసి లాక్టిక్ ఆమ్లంగా మారుతుంది. ఆ పులుపే హానిచేసే క్రిములకు కాపలా. పాలు ఆగితే పులుపు తగ్గుతుంది, సొంతంగా ఆమ్లం ఊరే శక్తి ఇంకా పూర్తిగా రాలేదు. అరగని మాంసకృత్తులు కిందికి జారతాయి. అక్కడ ఎదురుచూస్తుంటుంది ఇ.కోలై బాక్టీరియాలో ఒక తెగ. దాని ఒంటిమీద ఎఫ్4, ఎఫ్18 అని పేర్లు పెట్టిన కొక్కేలుంటాయి. వాటితో పేగుగోడను పట్టుకుని విషం వదులుతుంది. ఆ విషానికి పేగు కణాలు ఒంట్లోని నీటినీ ఉప్పునూ బయటికి తోడేస్తాయి. పిల్ల తోక కింద తడి, లోతుకు పోయిన కళ్లు, నిక్కబొడుచుకున్న వెంట్రుకలు. రైతు దీన్ని పారుడు అంటాడు. ముదిరితే ఒకటి రెండురోజుల్లోనే ప్రాణం పోతుంది. బతికినవి కూడా వారాల తరబడి తోటి పిల్లలకంటే వెనకబడతాయి.

పాలు మాన్పించాక వచ్చే ఈ పద్నాలుగు రోజులను గట్టెక్కించడానికి గత అరవై, డెబ్బై ఏళ్లలో ఎన్నో చేశారు. మొదట దాణాలో యాంటీబయాటిక్‌లు. జబ్బు ఉన్నా లేకున్నా, ఎదుగుదల కోసమని కొద్దికొద్దిగా రోజూ కలిపేవారు. స్వీడన్ 1986లో ఆ పద్ధతిని నిషేధించింది. యూరోపియన్ యూనియన్ మొత్తం 2006 జనవరి 1 నుంచి ఆ దారిలోకి వచ్చింది. ఈలోగా ఇంకో మందు రంగంలోకి దిగింది. 1989లో ఐర్లండ్ రాజధాని డబ్లిన్‌లో యూరప్ పశుపోషణ శాస్త్రజ్ఞుల సభ జరిగింది. అక్కడ డెన్మార్క్ శాస్త్రవేత్త హన్నె డామ్‌గార్డ్ పౌల్సెన్ రెండు పేజీల చిన్న పత్రం సమర్పించింది. దాణాలో జింకు ఆక్సైడు ఎక్కువ మోతాదులో కలిపితే పాలు మాన్పించిన పిల్లల్లో పారుడు తగ్గుతుందన్నది దాని సారం.

చవకైన తెల్లటి పొడి. పనిచేసింది. కొన్నేళ్లలో దేశదేశాల పందుల షెడ్లకు పాకింది. టన్ను దాణాకు 2500 గ్రాముల జింకు, 14 రోజులు. పోషకంగా అనుమతించిన హద్దు టన్నుకు 150 గ్రాములేనని గుర్తుచేసుకుంటే ఇది ఎంత పెద్ద మోతాదో తెలుస్తుంది. పంది ఒంటికి పట్టేది అందులో కొంచెమే, మిగిలినదంతా పేడలో బయటికి వస్తుంది. ఆ పేడ పొలానికి ఎరువుగా పోతుంది. లోహం కాబట్టి జింకు కుళ్లదు, కరగదు, ఏటికేడు మట్టిలో పేరుకుంటుంది. ఇంకో ప్రమాదమూ బయటపడింది. జింకును తట్టుకునే జన్యువు, యాంటీబయాటిక్‌ను తట్టుకునే జన్యువు కొన్ని బాక్టీరియాల్లో జంటగా ప్రయాణం చేస్తాయి. అంటే జింకు తినిపిస్తూపోతే మందులకు లొంగని క్రిములను పెంచి పోషించినట్టే. 2017 జూన్ 26న యూరోపియన్ కమిషన్ నిర్ణయం తీసుకుంది. సర్దుకోవడానికి అయిదేళ్ల గడువిచ్చి, 2022 జూన్ 26 నుంచి మందు మోతాదు జింకును పూర్తిగా ఆపేసింది.

భారతదేశానికీ ఈ కథతో చుట్టరికముంది. 2015లో చైనాలో ఒక పందిలోని ఇ.కోలైలో ఎంసీఆర్-1 అనే జన్యువు దొరికినట్టు వెల్లడైంది. ఆసుపత్రుల్లో వేరే ఏ మందూ పనిచేయనప్పుడు వాడే కొలిస్టిన్‌ను వమ్ముచేసే జన్యువది. ఒక బాక్టీరియానుంచి ఇంకోదానికి చేతులు మారగలదు. అందుకే 2019 జూలైలో భారత ప్రభుత్వం ఆహారం కోసం పెంచే పశువులు, కోళ్లు, చేపలకు కొలిస్టిన్ వాడకాన్ని నిషేధించింది. మందుల తలుపులు ఒక్కొక్కటే మూసుకుపోతున్నాయి. పందిపిల్ల పేగు మాత్రం ఎప్పటిలాగే 28వ రోజున అరిగిపోతోంది.

ఆ పరిస్థితిలోనే కొందరి చూపు సముద్రం ఒడ్డుకు మళ్లింది.

ఐర్లండ్ పడమటి తీరంలో కానెమరా అనే రాళ్ల సీమ ఉంది. పోటు తగ్గి నీళ్లు వెనక్కి పోగానే అక్కడి రాళ్లన్నీ పసుపు కలిసిన గోధుమరంగు నాచుతో కప్పి ఉంటాయి. శాస్త్రజ్ఞులు దాన్ని ఆస్కోఫిల్లమ్ నోడోసమ్ అంటారు, ఐరిష్ భాషలో దాని పేరుకు పసుపు నాచు అని అర్థం. నాచు కోసేవాడు మోకాళ్లదాకా బూట్లు తొడుక్కుని కొడవలితో కోస్తాడు, అడుగున జానెడు మొదలు వదిలేస్తాడు. మళ్లీ చిగిర్చి కోతకు రావడానికి మూడు నుంచి అయిదేళ్లు పడుతుంది. ఆ నాచు తీగమీద గుడ్లలాంటి గాలిబుడగలుంటాయి, ఏటికొకటి పుడుతుంది. బుడగలు లెక్కపెడితే తీగ వయసు సుమారుగా తేలిపోతుంది. కోసినదాన్ని కుప్పగా పేర్చి చుట్టూ తాడు బిగిస్తే మళ్లీ పోటు వచ్చినప్పుడు ఆ బుడగలవల్లే కుప్ప మొత్తం గడ్డివాములా నీటిమీద తేలుతుంది. దాన్ని పడవకు కట్టి ఒడ్డుకు లాక్కొస్తారు. అక్కడ కిల్‌కీరన్‌లో 1947 నుంచి ఈ నాచును ఎండబెట్టి పొడిచేసే కర్మాగారముంది. ఆ పొడి పొలాలకు ఎరువుగానూ, పశువుల దాణాలోకీ పోతుంది.

నాచును పశువుకు పెట్టడం ఉత్తర యూరప్ తీరాల్లో కొత్త సంగతేమీ కాదు. స్కాట్లండ్ పైన ఆర్క్‌నీ దీవుల్లో నార్త్ రోనాల్డ్‌సే అనే చిన్న దీవి ఉంది. మేత పొలాల్లోకి గొర్రెలు రాకుండా 1832లో దాని చుట్టూ రాతిగోడ కట్టారు. అప్పటినుంచి గోడకు అవతల తీరంలోనే ఉండిపోయిన గొర్రెలు నాచు మేసి బతుకుతున్నాయి. పందుల ఊసూ ఉంది. స్వీడన్‌కు చెందిన గాట్‌లండ్ దీవి జనం ఒకరకం గోధుమ నాచును ఉడకబెట్టి, అందులో ముతక పిండి కలిపి పందులకు పోసేవారని 18వ శతాబ్దంలో వృక్షశాస్త్రజ్ఞుడు లినేయస్ రాసిపెట్టాడు. ఆ నాచుకు వాళ్లు పెట్టుకున్న పేరే పంది నాచు. తెలుగు పల్లెలో బర్రెకు కుడితి పెట్టినట్టే ఉంది ఆ పద్ధతి.

తీరం జనం అలవాటుగా చేసినదాన్ని ప్రయోగశాలలో విడదీసి చూశారు శాస్త్రజ్ఞులు. నాచు అంటే ఒక మొక్క కాదు. ఆకుపచ్చవి, ఎర్రవి, గోధుమరంగువి అని మూడు పెద్ద కుటుంబాలు. మిఠాయి కొట్టులో జెల్లీకి వాడే చైనాగ్రాస్ ఎర్రనాచునుంచి వస్తుంది. పందిపిల్లల కథలో ముఖ్యపాత్ర గోధుమ నాచులది. వీటిలో లామినారియా అనే పెద్ద నాచు ఉంది. పోటు తగ్గినా నీటిలోనే మునిగి, తోలు పటకాల్లా ఊగుతూ ఉంటుంది. వేసవి ఎండకు తయారుచేసుకున్న పిండిపదార్థాన్ని అది లామినారిన్ రూపంలో దాచుకుంటుంది. రైతు గాదెలో ధాన్యం పోసుకున్నట్టే. శరదృతువు వచ్చేసరికి గాదె నిండుతుంది. మంచి కాలంలో ఎండు నాచు బరువులో మూడోవంతు దాకా లామినారినే ఉండవచ్చు. చలికాలంలో ఆ నిల్వను తింటూ కొత్త ఆకు వేస్తుంది. వసంతం మొదట్లో గాదె దాదాపు ఖాళీ.

రెండో పదార్థం ఫ్యూకాయిడాన్. నాచు కణాల గోడల్లో ఉండే గంధకం కలిసిన జిగురు ఇది. నాచును చేతిలోకి తీసుకుంటే జారిపోయేది దీనివల్లే. 1913లో స్వీడన్ శాస్త్రవేత్త హారల్డ్ కిలిన్ దీన్ని మొదటిసారి వేరుచేశాడు. మూడోది తీరం వైపు నాచుల్లో ఎక్కువగా ఉండే వగరు పదార్థాలు.

డబ్లిన్‌లోని యూనివర్సిటీ కాలేజ్‌లో ఆచార్యులు జాన్ ఓడోహెర్టీ, టొరెస్ స్వీనీల బృందం రెండు దశాబ్దాలుగా ఈ పదార్థాలతోనే కుస్తీపడుతోంది. జింకు కథ మొదటిసారి వినిపించిన ఊళ్లోనే దానికి బదులు వెతకడం కాకతాళీయమే. 2010లో ఆ బృందం ఒక ప్రయోగం ప్రకటించింది. పాలు మాన్పించిన పిల్లలను జట్లుగా విడదీసి, ఒక జట్టుకు లామినారిన్, ఒక జట్టుకు ఫ్యూకాయిడాన్, ఒక జట్టుకు రెండూ, మరో జట్టుకు ఏదీ కలపని దాణా పెట్టారు. లామినారిన్ తిన్న పిల్లలు రోజువారీ బరువులో ముందుకెళ్లాయి, తిన్న దాణాకు వచ్చిన బరువూ పెరిగింది. వాటి పేడలో ఇ.కోలై తగ్గింది, పేడ గట్టిపడింది. ఫ్యూకాయిడాన్ తిన్నవాటిలో పెరుగులో ఉండే రకం లాక్టోబాసిల్లై పెరిగాయి.

తర్వాత ఏడాదికేడాది మోతాదు, శుద్ధి మార్చి మార్చి చూశారు. 2020లో అచ్చయిన పరిశోధనలో టన్ను దాణాకు 300 గ్రాముల లామినారిన్ చేరేలా కలిపారు. పిల్లలు ఎక్కువ తిన్నాయి, ఎక్కువ పెరిగాయి. చిన్నపేగు గోడ మెరుగ్గా నిలబడింది. పెద్దపేగులో ఇ.కోలై చుట్టాలైన బాక్టీరియా కుటుంబం తగ్గి, పీచును పులియబెట్టే ప్రివోటెల్లా అనే మంచి తెగ పెరిగింది.

300 గ్రాములంటే ఎంత? పాలు మానిన కొత్తలో పిల్ల రోజుకు పావుకిలో దాణా తింటుందనుకుందాం. అందులో చేరే లామినారిన్ 75 మిల్లీగ్రాములు. గోటితో తీసినంత చిటికెడు. పద్నాలుగు రోజులకూ కలిపి ఒక గ్రాముకు కొంచెం ఎక్కువ. అదే పిల్లకు జింకు పాతపద్ధతిలో ఇస్తే రోజుకు 600 మిల్లీగ్రాములు దాటేది.

అంత చిటికెడు పొడి ఏం చేస్తుంది? రెండు దారులు కనిపిస్తున్నాయి. మొదటిది తిండి దారి. పంది ఒంట్లో ఊరే జీర్ణరసాలకు లామినారిన్ లొంగదు. అది చెక్కుచెదరకుండా పెద్దపేగు దాకా చేరుతుంది. అక్కడి మంచి సూక్ష్మజీవులు దాన్ని పులియబెట్టి చిన్నచిన్న కొవ్వు ఆమ్లాలుగా మారుస్తాయి. వాటిలో బ్యూటిరిక్ ఆమ్లం పెద్దపేగు కణాలకు ఇష్టమైన ఇంధనం. మంచి తెగలు బలిస్తే చెడ్డ తెగకు చోటు తగ్గుతుంది. రెండోది కాపలా దారి. లామినారిన్ అమరిక బూజు, ఈస్టు కణగోడల్లోని పదార్థాన్ని పోలి ఉంటుంది. పేగులోని రక్షణ కణాలమీద డెక్టిన్-1 అనే గుర్తుపట్టే పరికరం ఒకటి ఉంటుంది. అది దీన్ని తాకగానే పరాయిదొకటి వచ్చిందన్న కబురు లోపలికి వెళుతుంది. జబ్బు లేకుండానే కాపలా మేలుకుంటుంది.

ఈ కాపలాను పిల్ల పుట్టకముందే మేల్కొలపవచ్చా అన్న ప్రశ్నకు అదే బృందం చేసిన పని ఇంకా ఆసక్తిగా ఉంటుంది. పంది చూలు సుమారు 114 రోజులు. 107వ రోజునుంచి, అంటే ఈనడానికి వారం ముందునుంచి, పిల్లలకు పాలు మాన్పించేదాకా తల్లికి రోజుకు 10 గ్రాముల నాచు సారం పెట్టారు. ఆ 10 గ్రాముల్లో లామినారిన్ ఒక గ్రాము, ఫ్యూకాయిడాన్ 0.8 గ్రాము, మిగిలిందంతా లవణాలు. పందిపిల్ల పుట్టినప్పుడు దాని రక్తంలో రోగాలను ఎదిరించే యాంటీబాడీలు దాదాపు ఉండవు. తల్లి మావి వాటిని దాటనివ్వదు. మొదటి రోజు తాగే ముర్రుపాలే ఆధారం. నాచు సారం తిన్న తల్లుల ముర్రుపాలలో యాంటీబాడీలు పెరిగాయి, ఆ పాలు తాగిన పిల్లల రక్తంలోనూ పెరిగాయి. తల్లి పేడలో చెడ్డ బాక్టీరియా తగ్గింది. పందిపిల్ల తన మొదటి సూక్ష్మజీవులను తెచ్చుకునేది ఆ పేడ అంటిన నేలనుంచీ, పొదుగునుంచీ కనక అదీ లాభమే.

ఇక్కడితో ఆగితే నాచు సంజీవనిలా వినిపిస్తుంది. బెల్జియంలోని గెంట్ విశ్వవిద్యాలయంలో జరిగిన పని వింటే ఆ ఊపు కాస్త తగ్గుతుంది. అక్కడ సారం తీయకుండా ఎండబెట్టి పొడిచేసిన ఆస్కోఫిల్లమ్ నాచునే నేరుగా దాణాలో కలిపారు. 2009లో అచ్చయిన ప్రయోగంలో కిలోకు 20 గ్రాములు కలిపితే పేగులో ఇ.కోలై తగ్గినట్టు కనిపించింది. 2012లో అదే విశ్వవిద్యాలయంనుంచి మరో ప్రయోగం వచ్చింది. కిలోకు 10 గ్రాముల దాకా పెట్టి చూస్తే పిల్లల బరువులో గానీ, పేగు బాక్టీరియాలో గానీ, పేగుగోడలో గానీ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. టన్నుకు 10 కిలోల నాచు చేయలేని పని సారంలోని 300 గ్రాముల లామినారిన్ చేసింది.

కారణాలు వెతికితే చాలా దొరుకుతాయి. ఆస్కోఫిల్లమ్‌లో లామినారిన్ తక్కువ, వగరు పదార్థాలు ఎక్కువ. వగరు మాంసకృత్తులను పట్టేసి అరగనివ్వదు. పొడి నాచులో పనికొచ్చే పదార్థం కణాల గోడల మధ్య బందీగా ఉంటుంది. సారం తీసేవాళ్లు వేడినీటితోనో, ఆమ్లంతోనో, ఎంజైములతోనో ఆ గోడలు పగలగొడతారు. ఒకే నాచునుంచి రెండు పద్ధతుల్లో తీసిన సారం రెండురకాలుగా పనిచేయవచ్చు. కోత నెల సంగతి చెప్పనే అక్కర్లేదు. అక్టోబరులో కోసిన లామినారియా నిండిన గాదె, మార్చిలో కోసింది ఖాళీ గాదె. సంచీమీద రెండింటికీ నాచు అనే రాసి ఉంటుంది. పిల్లలుండే చోటు కూడా లెక్కలోకి వస్తుంది. ప్రయోగశాల షెడ్డు అద్దంలా శుభ్రంగా ఉంటే అసలు పారుడే తక్కువ, తగ్గించడానికి ఏముంటుంది?

నాచు ఎక్కువ పెడితే పోలా అనుకోవడానికీ వీల్లేదు. 1811లో ఫ్రాన్స్‌లో బెర్నార్డ్ కూర్త్వా అనే ఆయన తుపాకిమందుకు కావలసిన ఉప్పుకోసం సముద్రపు నాచు బూడిదతో తంటాలు పడుతున్నాడు. ఆమ్లం కాస్త ఎక్కువ పడగానే పాత్రలోంచి ఊదారంగు ఆవిరి లేచింది. అయోడిన్ లోకానికి తెలిసింది అలా. సముద్రంలో కొంచెమే ఉండే అయోడిన్‌ను లామినారియా వేలరెట్లు పోగుచేసుకుంటుంది. ఎండు లామినారియా కిలోలో 5 గ్రాముల అయోడిన్ ఉండటం అరుదేమీ కాదు. పంది దాణాలో అయోడిన్ కిలోకు 10 మిల్లీగ్రాములు మించకూడదని యూరప్ నిబంధన. లెక్కవేస్తే అలాంటి నాచు టన్ను దాణాకు 2 కిలోలు పడగానే హద్దు ముగిసిపోతుంది. గెంట్‌లో 2009 నాటి ప్రయోగంలో నాచు తిన్న పిల్లల ఒంట్లో అయోడిన్ కొన్నిరెట్లు పెరిగింది. ఆర్సెనిక్ కూడా ఉంటుంది. గోధుమ నాచుల్లో అది ఎక్కువభాగం అంత ప్రమాదంలేని రూపంలోనే ఉన్నా, దాణాకు వాడే నాచుపొడిలో మొత్తం ఆర్సెనిక్ కిలోకు 40 మిల్లీగ్రాములు దాటకూడదని హద్దు పెట్టారు. సారం తీయడంలో ఉన్న సుఖం ఇదే. కావలసింది ఉంచి, వద్దన్నది వీలైనంత బయటికి పంపేయవచ్చు. ఖర్చు మాత్రం పెరుగుతుంది.

డెన్మార్క్‌వాళ్లు వేరే దారి పట్టారు. నూనె తీసిన రేప్‌సీడ్ చెక్కతో రెండురకాల గోధుమ నాచులను కలిపి, లాక్టిక్ బాక్టీరియాతో పులియబెట్టి పందిపిల్లల దాణాలో వాడి చూశారు. ఇంట్లో ఇడ్లీపిండి పులిసినట్టే అక్కడ చెక్క పులుస్తుంది. పులుపు వస్తుంది, పీచు మెత్తబడుతుంది, మంచి బాక్టీరియాను వెంట తెస్తుంది. పేగు రక్షణలోనూ, సూక్ష్మజీవుల కూర్పులోనూ మేలు కనిపించింది. ఆ మేలులో చెక్క వాటా ఎంత, పులిసినందువల్ల వచ్చిందెంత, నాచు వాటా ఎంత అని విడదీయడం కష్టం. షెడ్డు నడిపే రైతుకు ఆ పంపకంతో పెద్దగా పనిలేదు.

ఇక తెలుగునేల సంగతి. 2019 పశుగణన ప్రకారం దేశంలో పందులు సుమారు 90 లక్షలు, అంతకుముందు 2012లో ఉన్నవాటికంటే 12 శాతం తక్కువ. వాటిలో దాదాపు సగం అస్సాంతో సహా ఈశాన్య రాష్ట్రాల్లోనే ఉన్నాయి. ఆంధ్ర, తెలంగాణల్లో ఎరుకల కుటుంబాలు తరతరాలుగా నాటుపందులను పెంచుతున్నాయి. పట్టణాల శివార్లలో హోటళ్ల మిగులు తిండిమీద నడిచే సీమపందుల షెడ్లు వేరు. తిరుపతిలోని శ్రీవెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం పరిశోధనాకేంద్రం లార్జ్ వైట్ యార్క్‌షైర్ రక్తం మూడువంతులు, నాటు రక్తం ఒకవంతు ఉన్న టీ-17 అనే సంకరజాతిని రైతులకు అందించింది.

విశాఖ తీరంలో ఋషికొండ దగ్గర ఆటు వేళ రాళ్లమీద నడిచినవారికి కాళ్లకింద జారే పచ్చనాచు తెలుసు. ఆ పక్కనే సర్గాసమ్ అనే గోధుమ నాచూ పెరుగుతుంది. అయితే ఉత్తర అట్లాంటిక్ చలినీటిలో పెరిగే లామినారియా ఈ వెచ్చటి నీటిలో పెరగదు. సర్గాసమ్‌లో ఫ్యూకాయిడాన్ ఉంటుంది, లామినారిన్ మాత్రం చాలా తక్కువ. కాబట్టి ఐర్లండ్ ఫలితాలను తెచ్చి బంగాళాఖాతం నాచుకు అతికించడం కుదరదు. ఒడ్డుకు కొట్టుకొచ్చిన నాచును ఏరుకొచ్చి పందిపిల్లకు పెట్టడం అసలు తగదు. అందులో ఉప్పు, ఇసుక, నగరం మురుగు అన్నీ ఉంటాయి. పైగా ఉప్పు ఎక్కువై తాగునీరు చాలకపోతే పంది మెదడు దెబ్బతింటుంది.

ఇంకో పొరపాటుకూ అవకాశముంది. సముద్రనాచు అనగానే తెలుగురైతుకు పంటమీద పిచికారీ చేసే సాగరిక సీసా గుర్తొస్తుంది. గుజరాత్‌లోని భావనగర్‌లో ఉన్న ఉప్పు, సముద్ర రసాయనాల పరిశోధనాసంస్థ పద్ధతితో తయారై, ఇఫ్కో సహకార సంస్థ అమ్మే మందది. వరికీ, మిరపకీ ఉద్దేశించినది. దాన్ని దాణాలో కలపకూడదు.

దాణామందుల వ్యాపారి నాచు సారమని సంచీ చూపించినప్పుడు రైతు నాలుగు ప్రశ్నలు అడగవచ్చు. ఏ నాచు? అందులో లామినారిన్, ఫ్యూకాయిడాన్ శాతమెంత? అయోడిన్, ఆర్సెనిక్ పరీక్ష కాగితమేదీ? పాలు మానిన పిల్లలమీద వాడి చూసిన బరువుల లెక్క ఉందా? నాలుగింటికీ జవాబు కాగితంమీద లేకపోతే ఆ డబ్బును పిల్లల గదిలో వెచ్చదనానికి, కారని నీటి గొట్టాలకు, రోజుకు అయిదారుసార్లు కొద్దికొద్దిగా తాజా దాణా వేసే మనిషి కూలికి పెట్టడం నయం. తల్లి దగ్గరుండగానే రెండోవారంనుంచి చిన్న పళ్లెంలో దాణా రుచి చూపిస్తే 28వ రోజున తొట్టి కొత్తగా అనిపించదు. నాచు సారం కూడా ఇవన్నీ ఉన్న చోటే తన పని చూపిస్తుంది.

వాడి చూడాలనుకున్న రైతుకు ప్రయోగశాల అక్కర్లేదు, ఒక తూకం చాలు. ఒక్కో ఈతలోని పిల్లలను రెండు గదులకు సగంసగం పంచాలి. ఆడా మగా, చిన్నా పెద్దా సమంగా ఉండాలి. రెండు గదులకూ ఒకే దాణా, ఒక గదికి మాత్రం సారం కలిపి. మొదటిరోజు ప్రతి పిల్లనూ తూచి చెవిపోగు నంబరు ఎదురుగా రాసుకోవాలి. ఏ రోజు ఎన్ని పిల్లల తోకలు తడిగా ఉన్నాయో పక్కన గీతలు గీసుకోవాలి. పద్నాలుగో రోజు పొద్దున, దాణా వేయకముందు మళ్లీ తూచాలి. ఒక్క విడతతో తేల్చేయకుండా వర్షాకాలంలో ఒకసారి, చలికాలంలో ఒకసారి చేస్తే ఆ నోటుపుస్తకంలో రెండు గదుల మధ్య తేడా ఎంతో, సంచీ ధర దానికి సరిపోయిందో లేదో కూడికలతోనే తెలుస్తుంది. పక్కఊరి పశువైద్యుడికి చూపించడానికి ఆ పుస్తకం చాలు.